నాలుగు గంటల ఆకలి

మొన్న కార్తీకమాసంలో అమ్మను తీసుకుని అన్నవరం వెళ్ళివచ్చాను. వ్రతం నిర్విఘ్నంగా జరిగింది. కాని వ్రతం ముగిశాక చేతిలో పెట్టిన ఎండుటాకు పొట్లాన్ని చూచి కాసేపు తటపటాయించాను. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాడు ప్రసాదం ముందు తటపటాయించడం ఏమిటని చదువరులకు అనిపించవచ్చును. ఆ తటపటాయింపు వెనుక ఎనిమిది నెలల కథ ఉంది. ఆ కథను తవ్వి చూస్తే దాని వెనుక నూటడెబ్బై ఏళ్ళకు పైబడిన మరొక కథ ఉంది. మొదటిది నాది. రెండవది మన గోదావరి సీమది. విడదీసి చెప్పడం నాకు చేతకాలేదు గనుక రెండూ కలిపే రాస్తున్నాను.

మా నాన్నగారు మధుమేహంతో ముందు కాలివేళ్ళు రెండు పోగొట్టుకున్నారు. తరువాత మూత్రపిండాలు చెడి, 61వ ఏట వెళ్ళిపోయారు. నాకిప్పుడు 57. గత ఫాల్గుణంలో రక్తపరీక్ష కాగితం చూచి మా వైద్యుడు అట్టే మాట్లాడలేదు. నా ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఆ రెంటినీ ఒక సూత్రంలో పెడితే వచ్చిన అంకె ముప్పైకి ఒక వెంట్రుకవాసి తక్కువ. మన దేశంవారికి 23 దాటితే అధికబరువు, 25 దాటితే స్థూలకాయమట. "మందులు తరవాత చూద్దాం మాస్టారూ, ముందు మూడు రోజులపాటు నోట్లో పడిందల్లా ఒక పుస్తకంలో రాసి తీసుకురండి," అన్నాడాయన. రాశాను. దాచడానికి ఏమీ లేదనే ధీమాతో రాశాను. చదివి చూస్తే మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం రెండూ నిర్దోషులు. దొంగ మరొకడు. పదకొండు గంటలకు టీతో నాలుగు బిస్కట్లు, నాలుగు గంటలకు గుప్పెడు మిక్స్చరు, ఎవరింట్లోనో శుభకార్యమని వచ్చిన మడతకాజా ఒకటి, వార్తలు చూస్తూ జంతికలు. లెక్కకడితే 900 కేలరీల పైమాట. ఒక పూర్తి భోజనం నాకు తెలియకుండానే ప్రతిరోజూ నా కడుపులోకి వెళుతున్నది; వెళ్ళినా ఆకలి తీరడం లేదు.

వైద్యుడు దోషిని చూపించాడు. ఆ దోషి మా ఇంట్లోకి ఎప్పుడు, ఎలా ప్రవేశించాడన్నది మాత్రం నా వృత్తికి సంబంధించిన ప్రశ్న.

'చిరుతిండి' అన్న మాటను ఒక్కసారి విడదీసి చూడండి. చిరు, అంటే కొద్ది. కొలత ఆ పేరులోనే ఉంది. మా నాయనమ్మ నోట ఈ మాట ఎప్పుడు విన్నా అది పిల్లలకు సంబంధించినదే. పెద్దవాళ్ళు తినేది చిరుతిండి అనిపించుకునేది కాదు. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం భోజనం, దీపాలవేళ దాటాక మళ్ళీ భోజనం. చల్దికి మన సాహిత్యంలోనూ గౌరవస్థానమే ఉంది. భాగవతం దశమస్కంధంలో గోపబాలుర చల్దులను పోతన వర్ణించిన తీరు తెలుగువారెవరూ మరచిపోలేరు. ఇక భోజనానికీ భోజనానికీ నడుమ పిల్లల చేతిలో పడేవి జొన్నపేలాలో, నానిన శనగలో, ఉలవగుగ్గిళ్ళో, పెరటి జామకాయో. శ్రావణ మంగళవారం వచ్చిందంటే వీధిలో ప్రతి యింటా వాయనపు శనగలు మూటలు మూటలుగా పోగయ్యేవి. ఆ వారమంతా మాకు అవే గుగ్గిళ్ళు, అవే పాఠోళీలు. శ్రీరామనవమికి వడపప్పు. నానబెట్టిన పెసరపప్పులో కొబ్బరి కోరు, మామిడి తురుము. నోములనూ పండుగలనూ ఏర్పరచినవారు మాంసకృత్తుల పట్టికలు చూచి ఏర్పరచారని నేను అనను. అలా అనడం ఇప్పుడొక ఫ్యాషను. అది చరిత్ర కాదు. ఆనాడు ఇంట్లో ఉన్నవి అవే, పెట్టినవి అవే.

నూనె వంటకాలు లేవా అంటే ఉన్నాయి. అరిసెలు, జంతికలు, చేగోడీలు, పోకుండలు. అయితే 'బాణలి పెట్టడం' అనే మాటకు ఆ రోజులలో ఉన్న బరువు నేటివారికి తెలియదు. ఇంట్లో బాణలి పెట్టారంటే సంక్రాంతి అయినా కావాలి, పెళ్ళి అయినా కావాలి, అల్లుడైనా రావాలి. మైల ఉన్న ఇంట బాణలి పొయ్యెక్కకూడదన్న నియమం ఇప్పటికీ కొన్ని కుటుంబాలలో ఉంది. అంటే వేపుడు తిండి ఒక సంతోషానికి గుర్తు. నువ్వులు గానుగ ఆడించి తెచ్చుకున్న నూనె. దానిని మావైపు ఇప్పటికీ మంచినూనె అనే అంటారు. బియ్యం నానబోసి రోట్లో దంచి, జల్లించి, పాకం పట్టి, నలుగురు ఆడవాళ్ళు రెండు రోజులు నడుములు విరగ్గొట్టుకుంటే గాని డబ్బాడు అరిసెలు అయ్యేవి కావు. అంత శ్రమ పడి చేసినది అడిగిన వెంటనే ఎవరు పెడతారు? డబ్బా అటక మీద ఉండేది. నిచ్చెన నాయనమ్మ చేతిలో ఉండేది.

ఇక సీమ కథకు వస్తాను. అన్నవరం పటంలో గోదావరి జిల్లాదే అయినా (2022 ఏప్రిల్ నుంచి కాకినాడ జిల్లా) అచ్చమైన డెల్టా కాదు. రత్నగిరి మీద నిలబడి చూస్తే ఈ సంగతి కంటికే తెలుస్తుంది. ఒకవైపు మన్యపు కొండలు, కింద పంపానది, ఇంకొకవైపు తుని, ప్రత్తిపాడు మెట్ట. ధవళేశ్వరం కాలువల నీరు ఇక్కడిదాకా రాదు. మెట్టలో పండినవి జొన్న, గంటి, చోడి, కంది, ఉలవ, నువ్వు. కాలువలు రాకముందు డెల్టాలో కూడా పేదవాడి కంచం దీనికి చాలా భిన్నంగా ఉండేదనుకోను. వరి లేదని కాదు. ఉంది, వానను నమ్ముకుని ఉంది. వాన తప్పితే ఏమవుతుందో 1832-33 నాటి నందన కరువు ఉత్తర సర్కారులకు చూపించింది. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కు ముగించాడు. ఆ తరువాతి సంగతి అందరికీ తెలిసినదే. కరువుసీమ ధాన్యాగారమయింది. కాటన్‌కు ఇక్కడి రైతులు విగ్రహాలు పెట్టి దండలు వేస్తారంటే అది ఉత్త మర్యాద కాదు, తిన్న అన్నం.

అయితే ఆ అన్నం క్రమంగా తెల్లబడింది. నా కథకు ఇది ముఖ్యమైన మలుపు.

బెరిబెరి అనే జబ్బు పేరు నేటి పిల్లలు విని ఉండరు. కాళ్ళు తిమ్మిరెక్కి, పొంగి, గుండె బలహీనపడి మనిషి కూలిపోతాడు. ఈ జబ్బు మన ఉత్తర సర్కారుల తీరంలో ఎంత పాతుకుపోయి ఉండేదంటే, మాల్కమ్‌సన్ అనే కంపెనీవారి వైద్యుడు దీని మీద రాసిన గ్రంథం 1835లోనే మద్రాసులో అచ్చయింది. అప్పటికి ఆనకట్టా లేదు, మిల్లులూ లేవు. కాబట్టి మిల్లు ఈ జబ్బును పుట్టించిందనడం తప్పు. తవుడు పోయేలా బాగా దంపిన పచ్చిబియ్యమే ముఖ్యాహారంగా, పక్కన పప్పూ కూరా లేకుండా బతికినవారికి అది ఎప్పుడూ పొంచి ఉన్న ముప్పు. మిల్లు చేసిన పనల్లా తెల్లబియ్యాన్ని చవక చేయడం. జావాలో ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు ఇలాంటి జబ్బే రావడం 1890లలో గమనించాడు. తవుడు కలిపి పెడితే అవి కోలుకున్నాయి. 1929లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

ఇక్కడొక చిత్రం ఉంది. వడ్లను నానబెట్టి ఉడికించి ఆపైన ఆడించిన ఉప్పుడు బియ్యంలో, పొట్టులోని బి1 విటమిను గింజ లోపలికి ఇంకి నిలిచిపోతుంది. అందుచేత ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో బెరిబెరి అరుదు. గోదావరి మిల్లులు ఆ బియ్యాన్ని తయారు చేస్తాయి. చేసి కేరళకు పంపుతాయి. మనం తినం. వాసన అంటాం. నేనూ అన్నవాడినే.

ఈ జబ్బును తేల్చడానికే 1918లో నీలగిరులలోని కూనూరు పాశ్చర్ సంస్థలో, ఒకే ఒక గదిలో, మెకారిసన్ అనే వైద్యుడు 'బెరిబెరి విచారణ' పేరుతో ఒక చిన్న ప్రయోగశాల తెరిచాడు. అది పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. ఆయన తరువాత వచ్చిన ఎక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారాల పోషకవిలువల పట్టికను ఆరోగ్య బులెటిన్ 23వ సంఖ్యగా వెలువరించాడు. మన కందిపప్పులో, జొన్నలో, జామకాయలో ఏముందో అంకెలలో చెప్పిన పుస్తకమది. ఆ శాల 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు ధరించింది. అక్కడే గోపాలన్ ఆ పట్టికలను విస్తరించి 1971లో ప్రచురించారు. 2017లో 528 ఆహారాలతో కొత్త పట్టికలు వచ్చాయి. మా వైద్యుడు నా చేతిలో పెట్టిన కేలరీల కాగితం ఈ వంశవృక్షానికి చివరి కొమ్మ. మన తీరాల మనుషులు తిండి చాలక కాళ్ళు పొంగి పడిపోతున్న రోజులలో మొదలైన అంకెలను, తిండి ఎక్కువై పొట్ట పెరిగిన నేను ఇప్పుడు వాడుకుంటున్నాను. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నప్పుడల్లా ఇది గుర్తుకు వచ్చి కొంచెం సిగ్గు కలుగుతుంది.

అన్నం తెల్లబడిన తరువాత చక్కెర, ఆ తరువాత నూనె. చక్కెర కథ క్లుప్తంగా ముగిస్తాను. తాటిబెల్లం, చెరకుబెల్లం మనకు పాతవే. పొరుగున అనకాపల్లి బెల్లపు బజారు ఉండనే ఉంది. పంచదార సీసాలలోకి, పాకాలలోకి సామాన్యుడి ఇంట చేరడం మాత్రం ఇరవయ్యవ శతాబ్దపు పరిణామం. రైలు వచ్చింది, రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో పూర్తయింది. వచ్చీపోయే జనం పెరిగారు, వారి చేతిసంచులలోకి ఊరి పేరు మోసే మిఠాయిలు ఎక్కాయి. కాకినాడ గొట్టంకాజా, తాపేశ్వరం మడతకాజా, ఆత్రేయపురం పూతరేకులు. పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నిజానికి బోర్లించిన కుండ మీద పూతగా సాగిన ఆ బియ్యపు పొరకు బరువే లేదు. బరువంతా మడతలో దాక్కున్న నెయ్యిదీ, తీపిదీను. తాపేశ్వరంవారు 2016 సెప్టెంబరు 6న 29,465 కిలోల లడ్డు ఒకటి చేసి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. చిరుతిండి అన్న మాటలోని 'చిరు' ఎక్కడికి పోయిందని అడిగేవారికి ఈ అంకె చూపిస్తే చాలు!

నూనె సంగతి ఇంతకంటె గడుసుది. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. అది విస్తారంగా పండి, మిల్లుల్లో ఆడడం మొదలయ్యాక నువ్వులనూనె వెనుకబడింది. 1937లో డాల్డా వచ్చి నేతికి సవతి అయింది. ఇటీవల పామాయిలు, పెదవేగిలో దాని మీద కేంద్ర పరిశోధనా సంస్థే ఉంది, పశ్చిమగోదావరి మెట్టంతా ఆ తోటలే. నూనె ఇలా చవక కావడంతో బాణలి పండుగనాడు మాత్రమే కాక, ప్రతి సందు మొగనా, ప్రతి సాయంత్రమూ పొయ్యెక్కింది. బజ్జీ పాతదే, జంతిక పాతదే. రుచి మారలేదు; వాటిని అడ్డగించిన నిచ్చెన మాత్రం మాయమైంది.

ఇంత చెప్పి తాటిచెట్టును గూర్చి చెప్పకపోతే గోదావరివాడినే కాను. చిరుతిండికి మనసీమలో ఎవరైనా కులదేవత ఉంటే అది తాటిచెట్టే. వేసవిలో ముంజలు. నూరు గ్రాముల ముంజకు 30, 40 కేలరీలకు మించవు, మిగతాది నీరే. భాద్రపదంలో పండు. తిన్నాక టెంకలను పాతర వేస్తే చలికాలానికి తేగలు. నడుమ తొందరపడి టెంక పగలగొడితే లోపల తియ్యని గుంజు. తేగ తినడం ఒక కార్యక్రమం. కుండలో కాల్చిన తేగ పైపొర వొలవాలి, చీల్చాలి, లోపలి మొలక తీసెయ్యాలి, పీచు నములుతూ ఊస్తూ పిండి మింగాలి. ఒక్క తేగకు పావుగంట పట్టేది. రెండోది తిందామనుకునేలోపల దవడలే వద్దనేవి. 1995లో సిడ్నీలో సుసన్నా హోల్ట్ అనే పరిశోధకురాలు 38 ఆహారాలను ఒకే 240 కేలరీల పరిమాణంలో మనుషులకు పెట్టి, రెండు గంటల వరకు వాళ్ళ ఆకలిని కొలిచింది. తెల్లరొట్టెను 100గా పెట్టుకుంటే, ఉడికించిన బంగాళదుంప 323తో అన్నిటికంటె పైన నిలిచింది. వెన్న పొరల క్రొసాంట్ రొట్టె 47తో అడుగున. తేగను ఆమె కొలవలేదు. కొలిచి ఉంటే మన పరువు నిలిచేదని నా నమ్మకం.

అన్నట్టు, 'ఫలహారం' అనే మాట పతనాన్ని కూడా ఇక్కడే నమోదు చేయాలి. ఫలాలను ఆహరించడం ఫలాహారం. ఉపవాసదినాలలో అన్నం మాని పండు తినడం. మా ఇంట శనివారం రాత్రి అన్నం ఉండదు, ఫలహారమే. ఆ ఫలహారం కాలక్రమాన దిబ్బరొట్టె, పెసరట్టు, ఉప్మా, అల్లప్పచ్చడి అయింది. ఉపవాసం పేరు నిలిచింది, వాసన మాత్రం నేతిది. నేను కొన్నేళ్ళపాటు శనివారాలు 'ఒంటిపూట' ఉన్నానని గర్వపడుతూనే బరువు పెరిగాను.

సరే, దోషి చరిత్ర తెలిసింది. ఇక నాలుగు గంటలకు ఏం తినాలి? మొదటి నెల నేను చేసిన తప్పులు ఒకరికైనా పనికివస్తాయేమోనని దాచకుండా చెబుతున్నాను. మరమరాలు తేలికగదా అని గిన్నెడు వట్టివి తిన్నాను. గంటలో ఆకలి. గాలిని తిన్నట్టే. పంచదార మాని బెల్లం పట్టాను. పట్టికలు చూస్తే నూరు గ్రాములకు పంచదార 398 కేలరీలు, బెల్లం 383. రంగు తేడా, పేరు తేడా. జీర్ణానికి మంచివని అట్టపెట్టె మీద రాసిన బిస్కట్లు తెచ్చాను. పెట్టె వెనుక చిన్న అక్షరాలు చదివితే మైదా, చక్కెర, పామాయిలు. జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో విడుదల చేసిన 17 సూచనలలో ఆహారపు పెట్టెల మీది రాత చదవమన్నదీ ఒకటని అప్పుడు తెలిసింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది మొదలు చోడిలడ్డూల జోరు పెరిగింది, తెచ్చి తిన్నాను. చోడి మంచిదే, ఆ లడ్డూలో చోడి ఎంత, బెల్లం నెయ్యి ఎంత అన్నదే ప్రశ్న. ఎవరినీ నిందించను. మోసం చేసినది పెట్టెలు కావు, తినడం మానకుండా పుణ్యం సంపాదించాలన్న నా కక్కుర్తి.

చివరికి కుదిరినవన్నీ పాతవే. 30 గ్రాముల వేయించిన శనగలు, అంటే చిన్న గుప్పెడు; 110 కేలరీలు, ఆరు గ్రాముల మాంసకృత్తులు, నమిలేందుకు పని. లేదా చిన్నగిన్నెడు అలసంద గుగ్గిళ్ళు, కరివేపాకు పోపుకు చెంచాడే నూనె. నీళ్ళమజ్జిగ గ్లాసుడు, నూరు గ్రాములకు 15 కేలరీలే. జామకాయ గింజలతో సహా. వేరుశనగలంటే నాకు ప్రాణం గనుక వాటిని మాత్రం తూచి 25 గ్రాములు, అవే 140 కేలరీలు. తూచకపోతే చెయ్యి ఆగదు. మరమరాలను కూడా పూర్తిగా వెలివేయలేదు. ఉల్లిపాయ, టమాటా, పుట్నాలు, నిమ్మరసం కలిపిన పిడతకింద పప్పు మా ఊరి సాయంకాలాల పాత స్నేహితుడు. వట్టి మరమరాలు చేయలేని పని పుట్నాల తోడుతో చేస్తుంది. చలికాలంలో తేగ. వారానికి రెండుసార్లు ఉడికించిన చిలగడదుంప, భోజనంలో ఆ మేరకు అన్నం తగ్గించి.

అటక స్థానంలో ఇంకొక ఏర్పాటు చేసుకున్నాను. మిక్స్చరు, జంతికలు ఇంట్లో ఉంచను. తినాలనిపిస్తే నడిచి వెళ్ళి, ఒక్కరికి సరిపడా కొనుక్కుని, అక్కడే నిలబడి తిని రావాలి. రానూపోనూ రెండున్నర కిలోమీటర్లు. సగంసార్లు బద్ధకమే గెలుస్తుంది. ఎనిమిది నెలల్లో 84 నుంచి 77కు వచ్చాను. మధ్యలో ఆషాఢంలో మా అమ్మాయి ఆషాఢపు సారె పేరుతో రెండు కిలోలు మళ్ళీ ఎక్కాయి, దిగాయి. ఇదీ నా వైపు కథ.

ఇప్పుడు అన్నవరం. గుడి మరీ పురాతనమైనది కాదు; వీరవేంకట సత్యనారాయణస్వామి ఆలయం రత్నగిరి మీద వెలసినది 1891లో. కాకినాడ కాజాకూ, రైలుకూ, ఈ గుడికీ వయసులో అట్టే తేడా లేదు. ప్రసాదం ఎర్ర గోధుమరవ్వ, తీపి, నెయ్యి, ఏలకులతో చేస్తారు. దానికోసమే కొండ కింద రహదారి మీద బళ్ళు ఆపుకునేవారున్నారు. చరిత్ర చదివినవాడికి ఇక్కడ ఒక ప్రశ్న పుట్టాలి. వరి సముద్రం ఒడ్డున, గోధుమ గింజ పండని సీమలో, దేవుడికి గోధుమ నైవేద్యమెందుకు?

సమాధానం వ్రతకథలోనే ఉంది. స్కాందపురాణం రేవాఖండంలోనిదిగా చెప్పే ఆ కథ అరటిపండు, నెయ్యి, పాలు, గోధుమనూక చెబుతుంది. గోధుమ దొరకకపోతే వరినూక అంటుంది. చక్కెరైనా బెల్లమైనా సరేనంటుంది. అన్నీ 'సపాదం'గా, అంటే ఒకటింపావు కొలతలో. బెంగాలులో సత్యనారాయణుడికీ, సత్యపీరుకూ పెట్టే 'సిన్ని'లో కూడా పిండి, పాలు, అరటిపండు, బెల్లం ఇవే. ఈ వ్రతం ఉత్తరాది దారుల వెంట నడిచివచ్చిందనడానికి ఈ గోధుమే సాక్ష్యమని నా అభిప్రాయం. వరికి అనుమతి ఉన్నా మనవాళ్ళు గోధుమనే పట్టుకున్నారు. అదే గోధుమ తవుడు పోగొట్టుకుని మైదాగా మారి కాజాలోకి వెళ్ళింది. తవుడుతో సహా విరిగి రవ్వగా కొండెక్కింది. వైద్యుడు నన్ను ఉప్మా చేసుకోమని రాసిచ్చిన రవ్వ కూడా ఇదే. కాని మా ఇంటి లెక్క ప్రకారం వండితే (100 గ్రాముల రవ్వకు 150 గ్రాముల బెల్లం, 60 గ్రాముల నెయ్యి) ఉడికిన ప్రసాదం నూరు గ్రాములకు 260 కేలరీలు తేలుతుంది. నా సాయంకాలపు వాటా 150.

కథలో కళావతి ప్రసాదం తినకుండా భర్తను చూడాలని పరుగెత్తింది, పడవ మునిగింది. తుంగధ్వజుడనే రాజు గొల్లవారు పెట్టిన ప్రసాదాన్ని కాదన్నాడు, సర్వమూ పోగొట్టుకున్నాడు. అయిదు అధ్యాయాల కథలో రెండు ఆపదలు ప్రసాదాన్ని కాదన్నందుకే. అది అరగంట క్రితమే పీటల మీద కూర్చుని శ్రద్ధగా విన్న మనిషిని నేను. చేతిలో పొట్లం వెచ్చగా ఉంది.

"ఏంట్రా అబ్బాయ్, చూస్తావేంటి? ప్రసాదం కాదనకూడదు, తిను," అంది అమ్మ.

"కాదనట్లేదమ్మా. ఎంత తినాలా అని."

"మీ నాన్న కూడా నెయ్యి కారేలా పొట్లం మొత్తం తినేసేవారు. చెప్పినా వినేవారు కాదు." అని, ఆవిడే పొట్లం విప్పి, వేళ్ళతో ఒక చిన్న ముద్ద తీసి నా అరచేతిలో పెట్టింది. రెండు చెంచాలంత. ఇంకో ముద్ద తను వేసుకుంది. మిగిలినది మళ్ళీ మడిచి, "ఇది ఇరుగుపొరుగుకి. అసలు ప్రసాదమంటే పంచుకోవడానికే కదా తెచ్చేది," అని సంచిలో పెట్టేసింది.

కొండ మాత్రం మెట్లమీదుగా దిగాను. అమ్మ బస్సులో దిగింది. నేను చేరేసరికి ఆవిడ కింద చెట్టునీడన కూర్చుని, జామకాయలవాడితో బేరమాడుతున్నది.